ఆరోగ్యవరము నుండి అయస్కాంతపు పూస వరకు

పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మెట్టసీమలో ఉత్తరమునుండి దక్షిణమునకు పోవువారికి మొదట మదనపల్లె, పిమ్మట పుంగనూరు, పలమనేరు దాటిన తరువాత కుప్పము తగులును. ఈ ఊళ్ళ పేర్లు వినినంతనే మనకు కొన్ని విషయములు స్ఫురించును. 1919లో రవీంద్రనాథ టాగూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో బసచేసి జనగణమన గీతమును ఆంగ్లమున అనువదించెను. పుంగనూరు పేరు పొట్టి ఆవుజాతికి పేరైనది. మూడు రాష్ట్రముల కూడలియైన కుప్పములో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసెను. ఈ మూడు ఊళ్ళకును సంబంధించిన మరియొక చరిత్ర కలదు. అది గీతములలోను శాసనములలోను కానరాదు. మనుష్యుల ముంజేతులమీద, ప్రయోగశాలల గాజు నాళికలలో వ్రాయబడిన చరిత్ర. దానిని నేడు కొంత తెలిసికొందము.

ఈ చరిత్రకు మూలమైన ప్రశ్న వినుటకు చిన్నది. ఒక సూక్ష్మజీవిలో వేలకొలది మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు, కలగలిసి యుండును. వానిలో మనకు కావలసిన ఒక్కదానిని మాత్రమే, తక్కిన వాని మైల అంటకుండ, ఏరి తీయుట ఎట్లు? ఇది రసాయనశాస్త్రజ్ఞుల గొడవ, మనకేల యని అనిపించవచ్చును. కాని డెబ్బది ఏండ్లకు పూర్వము మదనపల్లె చుట్టుపట్ల పల్లెలలో వేలమంది ముంజేతులపై ఒక చిన్న పొంగు లేచినది. ఆ పొంగునకు అర్థమేమో నిశ్చయముగ చెప్పుటకు వైద్యులకు శక్యము కాలేదు. కారణము మరేమియు కాదు. ఆ ఏరివేత నాడు చేతకాకపోవుటయే.

కథ జర్మనీలో ఆరంభమైనది. 1882 మార్చి 24వ తేదీన రాబర్ట్ కాక్ పండితుడు క్షయరోగమునకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొంటినని బెర్లిను నగరమున ప్రకటించెను. ఎనిమిదేండ్లు గడచిన పిమ్మట, 1890లో, ఆయనయే క్షయకు మందు కనుగొంటినని చెప్పెను. ఆ సూక్ష్మజీవులను గ్లిసరిను కలిపిన రసములో పెంచి, కాచి, వడగట్టి, చిక్కబరచిన గోధుమవన్నె ద్రవమే ఆ మందు. దానికి ట్యూబర్కులిన్ అని పేరు. లోకమంతయు బెర్లినునకు పరుగిడెను. కొలది నెలలలోనే ఆశ అడియాస యయ్యెను; రోగులకు జ్వరము వచ్చుటయే గాని రోగము కుదురలేదు.

అయినను ఆ ద్రవము వ్యర్థము కాలేదు. క్షయ సూక్ష్మజీవి ఒకమారు శరీరమున ప్రవేశించిన వారికి దానిని చర్మమున ఎక్కించినచో రెండు మూడు దినములలో ఆ చోట గట్టిపడి పొంగును. ప్రవేశింపని వారికి పొంగదు. 1907లో వియన్నాలో ఫాన్ పిర్కే అను వైద్యుడు చర్మమును గీచి ఈ పరీక్ష చేసెను. 1908లో ఫ్రాన్సు దేశమున మాంటూ సన్నని సూదితో చర్మపు పొరలోనికే మందు ఎక్కించు పద్ధతిని తెచ్చెను. నేటికిని మన ఆసుపత్రులలో మాంటూ పరీక్ష అనునది ఆయన పేరిటనే సాగుచున్నది. మందుగా ఓడినది పరీక్షగా నిలిచినది.

ఇంతలో మన సీమకు రావలెను. మదనపల్లె సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన ఎత్తున నున్నది. గాలి పొడిగా, చల్లగా నుండును. క్షయకు ఔషధము లేని దినములలో మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారము, ఇవియే చికిత్స. అందుచేత క్రైస్తవ మిషనులు కొన్ని కలిసి మదనపల్లె చెంత 1915లో ఒక క్షయ చికిత్సాలయమును తెరచినవి. డెన్మార్కు దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దాని నడిపెను. ఆ చోటికి ఆరోగ్యవరము అని పేరిడిరి. దక్షిణ దేశపు నలుమూలల నుండి రోగులు ఆ పేరు నమ్ముకొని వచ్చిరి. చికిత్స ఒక్కటియే కాక, రోగము ఎట్లు వ్యాపించుచున్నదో తెలిసికొను విచారణయు అచట బలపడెను.

అదే కాలమున అమెరికాలో ఫ్లారెన్స్ సీబర్ట్ అను స్త్రీ, బాల్యమున పోలియో సోకి కాలు కుంటుపడినను, రసాయనశాస్త్రమున ఆరితేరి ట్యూబర్కులిన్ వైపు దృష్టి మరల్చెను. కాక్ పండితుని ద్రవము ఒక్కొక్క విడతకు ఒక్కొక్క తీరున నుండెడిది. అందు పులుసులో వలె ఎన్నియో కలిసియుండెను. పొంగు కలిగించునది మాంసకృత్తు భాగమే యని తెలిసికొని, ఆమె దానిని ఆమ్లములతోడను లవణములతోడను విరిచి వేరుచేసి, 1934లో శుద్ధిచేసిన పొడిగా లోకమునకు చూపెను. 1937లో స్వీడను దేశపు ఉప్సాలా నగరమునకు పోయి, మాంసకృత్తులను తూకమును బట్టియు విద్యుదావేశమును బట్టియు వేరుచేయు అధునాతన విద్యలను అచట అభ్యసించెను. అటుపిమ్మట ఆమె తయారుచేసిన పెద్ద విడతయే ప్రపంచ ఆరోగ్య సంస్థవారికి ప్రమాణమైనది. ఆ పొడికి పి.పి.డి. అని పేరు, శుద్ధమైన మాంసకృత్తు సారమని దాని భావము.

శుద్ధి అను మాట ఇచట కొంత ఆలోచింపదగినది. బియ్యములో రాళ్ళు ఏరితిమనుట వేరు. పది రకముల వడ్లు కలిసిన రాశినుండి ఒక్క రకమును మాత్రమే ఏరితిమనుట వేరు. సీబర్ట్ చేసినది మొదటిది. పి.పి.డి.లో ఇతర మలినములు పోయినవి గాని, మాంసకృత్తులు మాత్రము ఇంకను పెక్కు కలిసియే యుండెను. వానిలో కొన్ని క్షయజీవికే సొంతములు. పెక్కు దాని జ్ఞాతులైన ఇతర సూక్ష్మజీవులకును ఉమ్మడి ఆస్తి. ఈ ఉమ్మడియే తరువాతి చిక్కులకు మూలము.

స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి సంవత్సరము, 1948లో, బి.సి.జి. టీకాను మన దేశమున మొట్టమొదట ప్రయోగించిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ సంవత్సరమే మదరాసు చెంత గిండీలో టీకా తయారుచేయు ప్రయోగశాల ఏర్పడెను. ఈ టీకా పుట్టుక ఆవుతో ముడిపడినది. ఫ్రాన్సు దేశమున కాల్మెట్, గేరాన్ అను ఇద్దరు పండితులు ఆవునుండి తీసిన క్షయజీవిని 1908 మొదలు 1921 వరకు, నడుమ మహాయుద్ధము వచ్చినను విడువక, బంగాళదుంప ముక్కలపై 230 మారులు మార్చి మార్చి పెంచిరి. ఆ పెంపకములో అది తన విషస్వభావమును పోగొట్టుకొనెను. ఏమి పోగొట్టుకొన్నదో, ఎట్లు పోగొట్టుకొన్నదో మాత్రము వారికి తెలియదు. ఈ మాట మనము జ్ఞాపకముంచుకొనవలెను. కథ మలుపు తిరుగునది అచటనే.

1950లో ఆరోగ్యవరమువారు ఒక పెద్ద విచారణకు పూనుకొనిరి. ఫ్రిమోట్ మొల్లర్ కుటుంబమువాడే యైన యొహానెస్ ఫ్రిమోట్ మొల్లర్ దానికి పెద్ద. మదనపల్లె పట్టణమునందును చుట్టుపట్ల పల్లెలయందును ఇంటింటికి పోయి, జనులను పేరుపేరున నమోదుచేసి, ట్యూబర్కులిన్ పరీక్ష జరిపి, ఊపిరితిత్తుల ఎక్స్‌రే చిత్రములు తీసిరి. పొంగు లేనివారిలో ఒకరిని విడిచి ఒకరికి బి.సి.జి. టీకా వేసిరి. ఎన్నడును చూడని యంత్రము ముందు నిలిచి, ఎవరో చెప్పగా చేయి చాచి సూది పొడిపించుకొన్న ఆ రైతుకుటుంబముల ఓర్పునకు లోకము ఋణపడియున్నది. వారి చేతులే లేకున్నచో ఇక చెప్పబోవు అంకెలు లేవు.

రెండు దశాబ్దములు గడచిన మీదట, 1973లో వెలువడిన లెక్కలు ఇవి. టీకా వేసికొన్నవారు 5,069 మంది; వారిలో క్షయ సోకినవారు 33 మంది. టీకా లేనివారు 5,808 మంది. వారిలో 47 మంది. వేయింటికి చెప్పినచో ఒకవైపు ఆరున్నర, మరియొకవైపు ఎనిమిది. అనగా టీకా కాపాడినది ఐదవవంతు మాత్రమే. ఇంగ్లండులో బడి వదలు వయసున నున్న పిల్లలపై జరిగిన ఇటువంటి విచారణలో టీకా వేసికొన్న 13,598 మందిలో 62 మందికిని, వేసికొనని 12,867 మందిలో 248 మందికిని క్షయ వచ్చెను. అచట నాలుగింట మూడువంతుల రక్షణ. ఇచట ఐదింట ఒక వంతు.

ఇది మదనపల్లె లెక్కలలోని పొరపాటేమో యని కొందరు శంకించిరి. అంతకు పూర్వమే, 1968లో, మదరాసునకు చేరువనున్న చెంగల్పట్టు జిల్లాలో మరింత పెద్ద విచారణ ఆరంభమయ్యెను. అచట రెండు పక్షములును సరిగా 88,391 మంది చొప్పున నుండిరి. 1980 నాటికి తేలినదేమన, టీకా పక్షమున 505 మందికి, టీకా లేని పక్షమున 499 మందికి రోగము సోకినది. రక్షణ యనునది లేనేలేదు. మదనపల్లె తప్పు చెప్పలేదు; మెల్లగా చెప్పినదంతే. పసిపిల్లలను మెదడు పొరల క్షయనుండి బి.సి.జి. కాపాడునని వేరు విచారణలు తేల్చినందున నేటికిని పుట్టిన బిడ్డకు దానిని వేయుచున్నారు, వేయించుటయే మంచిది. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయ విషయముననే అది మన సీమలో చేతులెత్తివేసినది.

ఎందువలన? దీనికి చాలమంది పండితులు చెప్పు సమాధానము మన కాలిక్రింద నున్నది. మన దక్షిణ దేశపు నేలలోను నీళ్ళలోను క్షయజీవికి జ్ఞాతులైన సూక్ష్మజీవులు విరివిగా నివసించును. అవి సాధారణముగా రోగము కలిగింపవు గాని, చిన్ననాటనే మన శరీరమునకు పరిచయమగును. ఆ పరిచయమే కొంత రక్షణ నిచ్చుచుండ, టీకా అదనముగా చేయగలిగినది కొంచెమే మిగులును. 1966లో అమెరికా పండితుడు పామర్ తన సహచరునితో కలిసి ఈ వాదమును జంతువులపై చేసిన ప్రయోగములతో బలపరచెను.

ఇక ఆ ముంజేతి పొంగు సంగతి చూడుడు. పల్లెలోని ఒక పిల్లవానికి పరీక్ష చేయగా పొంగు వచ్చినది. అది నిజముగా క్షయజీవి సోకినందున వచ్చినదా? పూర్వము వేసిన టీకావలన వచ్చినదా? పొలము గట్టున ఆడుకొనుటచే అంటిన మంటిజీవివలన వచ్చినదా? మూటికిని పొంగు ఒక్కటే. పొంగు పెద్దదైనచో మొదటి కారణమని, చిన్నదైనచో తక్కినవని ఊహింపవచ్చును గాని అది ఊహయే. మొదటిదైనచో ఆ బిడ్డకు నెలల తరబడి మందు ఈయవలెను. కానిచో ఆ మందు వృథా, పైగా కాలేయమునకు బరువు. మందు ఇచ్చిన ఒక చింత, ఈయకున్న మరియొక చింత. తల్లికి వైద్యుడేమి చెప్పవలెను? పి.పి.డి. మిశ్రమమై యున్నంతకాలము ఈ ప్రశ్నకు జవాబు లేకపోయెను.

జవాబు మరల డెన్మార్కు దేశమునుండియే, ఆరోగ్యవరపు వైద్యులు వచ్చిన దేశమునుండియే, వచ్చుట ఒక చిత్రము. 1995లో కోపెన్‌హాగెన్ నగరపు ప్రభుత్వ సీరం సంస్థవారు క్షయజీవి తొలిదినములలో వెలుపలికి విడుచు ఒక చిన్న మాంసకృత్తును గుర్తించి, ఈసాట్-6 అని పేరిడిరి. 1996లో అమెరికాలోని పరిశోధకులు బి.సి.జి. జీవి జన్యువులను అసలు జీవితో సరిపోల్చగా, టీకాజీవిలో ఒక తునక పూర్తిగా లోపించినదని తేలెను. కాల్మెట్, గేరాన్ పండితుల 230 మార్పిళ్ళలో పోయిన సొత్తు అదియే. ఈసాట్-6 వ్రాత ఆ తునకలోనే యున్నది. దాని జంటయైన సి.ఎఫ్.పి.-10 అను మాంసకృత్తు వ్రాతయు అందే యున్నది. 1998లో క్షయజీవి సమస్త జన్యుపాఠమును ప్రకటింపబడెను. మంటిజీవులలోను, కొన్నిటిని మినహాయించి, ఈ రెండును లేవు. కనుక ఈ రెంటితోనే పరీక్ష చేసినచో టీకాకు పొంగదు, మంటికి పొంగదు, క్షయకే పొంగవలెను.

తెలిసినది సరే, చేతికి చిక్కుట ఎట్లు? క్షయజీవిని పెంచుట ప్రమాదము, అది పెరుగుటయు మిక్కిలి నెమ్మది, అందు దొరకునది లవలేశము. ఇచటనే పునస్సంయోజనము అను విద్య అక్కరకు వచ్చినది. 1973లో కాలిఫోర్నియాలో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ అనువారు ఒక జీవి జన్యువును కత్తిరించి వేరొక జీవిలో అతికించి పనిచేయించిరి. 1982 నాటికి ఆ మార్గమున సూక్ష్మజీవులలో తయారైన ఇన్సులిన్ మధుమేహరోగులకు అందెను. అట్లే ఈసాట్-6 జన్యువును మన ప్రేగులలో నుండు ఇ. కోలై అను జీవిలో ప్రవేశపెట్టినచో, ఇరువది నిమిషములకొకమారు రెట్టింపగు ఆ జీవి రాత్రికి రాత్రి దానిని కుప్పలుగా వండిపెట్టును. క్షయ భయము లేదు.

కాని పాత చిక్కు క్రొత్త రూపమున ఎదురయ్యెను. ఇ. కోలైకి తనవే నాలుగువేలకు పైగా జన్యువులున్నవి; ఆ మాంసకృత్తుల సంతలో మనది ఒకటి. దానిని బయటికి పిలుచుట ఎట్లు? పుంగనూరు సంతలో వందల పశువుల నడుమ తన ఆవును రైతు ఎట్లు గుర్తించును? మెడలో కట్టిన గంటను బట్టి. శాస్త్రజ్ఞులును అట్లే గంట కట్టిరి.

ఆ గంటకు లోహము వెదకినది ఉప్సాలాయే. సీబర్ట్ విద్య నేర్చిన ఆ నగరముననే 1975లో యెర్కర్ పొరాత్ తన సహచరులతో కలిసి ఒక సంగతి వెల్లడించెను. రాగి, జింకు వంటి లోహముల అయానులను ఒక జిగట పదార్థమునకు బిగించి నిలిపినచో, హిస్టిడిన్ అను అమైనో ఆమ్లము పైకి కనబడు మాంసకృత్తులు వానిని పట్టుకొనును. అటుపిమ్మట స్విట్జర్లాండులోని బాజెలు నగరమున ఎరిక్ హోచులి బృందము 1987, 1988 సంవత్సరములలో దీనిని కొసముట్టించెను. వారు జన్యువు చివర కొన్ని అక్షరములు చేర్చి, మాంసకృత్తునకు వరుసగా హిస్టిడిన్‌లు గల తోక పెరుగునట్లు చేసిరి. సాధారణముగా ఆరు హిస్టిడిన్‌లు చాలును. రెండవవైపు నికెలు అయానును నాలుగు చేతుల బంధముతో బిగించి, రెండు చేతులు ఖాళీగా విడిచిరి. తోకలోని హిస్టిడిన్‌లు ఆ ఖాళీ చేతులను అందుకొనును. తోక లేనివి జారిపోవును.

మొదట ఈ నికెలు జిగటను గాజు గొట్టములో నింపి, పైనుండి రసమును బొట్టుబొట్టుగా దింపెడివారు. గంటలు పట్టెడిది, మడ్డి అడ్డుపడెడిది. మరియొక ఉపాయము నార్వే దేశపు ట్రాండ్‌హైమ్ నగరములో సిద్ధమగుచుండెను. యోన్ ఉగెల్‌స్టాడ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1970 దశకము చివర అన్నియు ఒకే పరిమాణము గల పాలిస్టిరీను గోళములను తయారుచేయు విద్యను సాధించెను. అటుతరువాత వాని సూక్ష్మరంధ్రములలో ఇనుప ఆక్సైడును నింపి అయస్కాంతపు పూసలు చేసెను. ఒక్కొక్క పూస మిల్లీమీటరులో కొన్ని వేయవవంతులే. వేయి పూసలు వరుసగా పేర్చినను కొన్ని మిల్లీమీటర్ల దండయగును.

ఈ పూసలకు ఒక సుగుణమున్నది. సూదంటురాయి దగ్గరనున్నంత సేపే అవి అయస్కాంతములు. రాయిని తీసినంతనే ఆ గుణము పోయి, ఒకదానికొకటి అంటుకొనక, ద్రవమున చెదరి తేలును. మన పిల్లలు ఏటి ఇసుకలో సూదంటురాయిని త్రిప్పి నల్లని ఇనుపరజను ఏరుట చూచినదే. ఆ ఆటనే శాస్త్రజ్ఞులు పరీక్షనాళికలోనికి తెచ్చిరి. రజను స్థానమున పూస. ఆ పూసకు నికెలు పూత. ఆ నికెలునకు తోకగల మాంసకృత్తు. గొట్టమక్కరలేదు, మడ్డి అడ్డుపడదు, గంటలు నిమిషములైనవి.

పని జరుగు క్రమమును ఒకమారు కన్నులకు కట్టించుకొందము. జీవసాంకేతికశాస్త్రమును బోధించు ద్రావిడ విశ్వవిద్యాలయము కుప్పముననే యున్నది. ఇట్టి విద్య నేర్పు ఏ ప్రయోగశాలలోనైనను క్రమము ఇంచుమించు ఇదియే. తోక చేర్చిన జన్యువు గల ఇ. కోలైని పోషకరసములో కలిపి కుదుపు యంత్రముపై పెంతురు. రసము తగినంత మబ్బుపట్టిన పిమ్మట జన్యువును మేలుకొల్పు మందు చిటికెడు వేయుదురు. కొన్ని గంటలకు జీవులను యంత్రములో గిరగిర త్రిప్పి అడుగున ముద్దగా దింపుదురు. ఆ ముద్దను చల్లని ద్రావణములో కలిపి, ధ్వనితరంగములతోనో, కణపుగోడను కరగించు ఎంజైముతోనో పగులగొట్టుదురు. మరల త్రిప్పినచో పెంకులు అడుగునకు, మాంసకృత్తుల రసము పైకి చేరును.

ఆ రసములో కడిగిన పూసలను వేసి, నాళికను నెమ్మదిగా పొర్లించుచు కొంతసేపు ఉంతురు. పిమ్మట నాళిక ప్రక్కన సూదంటురాయి నుంచగా గోధుమవన్నె మేఘమువంటి పూసలన్నియు ఆ ప్రక్కకు చేరి చారగా నిలుచును, ద్రవము తేటపడును. ఆ తేటను పీల్చివేయుదురు. అంతటితో పని కాలేదు. ఇ. కోలై సొంత మాంసకృత్తులలోను హిస్టిడిన్ గలవి కొన్ని పొరపాటున పట్టుకొనియుండును. అందుకు ఇమిడజోలు అను పదార్థమును కొలదిగా కలిపిన ద్రావణముతో రెండు మూడు మారులు కడుగుదురు. హిస్టిడిన్ చేయి ఏ వలయముతో నికెలును పట్టుకొనునో ఆ వలయమే ఇమిడజోలు. కనుక అది పోటీకి దిగి, పట్టు సడలిన వానిని త్రోసివేయును. ఆరు చేతులతో గట్టిగా పట్టుకొన్న మనది మాత్రము నిలుచును. తుదకు ఇమిడజోలును పది ఇరువది రెట్లు హెచ్చించిన ద్రావణమును పోసినచో అదియు పట్టు విడిచి ద్రవములోనికి వచ్చును. సూదంటురాయి పూసలను పట్టియుంచగా, ఆ ద్రవమును క్రొత్త నాళికలోనికి తీసికొందురు.

చేతికి వచ్చినది శుద్ధమని నమ్ముటకు వీలులేదు; చూపవలెను. 1970లో లెమ్లీ తీర్చిదిద్దిన పద్ధతిని అనుసరించి, జిగట పలకపై విద్యుత్తును ప్రవహింపజేసి పరుగెత్తించినచో మాంసకృత్తులు బరువు క్రమమున అడ్డచారలుగా విడిపోవును. మొదటి రసమున నిచ్చెనమెట్లవలె వందలాది చారలుండును. కడపటి నాళికలో ఒక్క చార మాత్రమే యుండవలెను. రెండవ చార కనబడినచో కడుగుట చాలలేదని అర్థము. కంటికి కనబడని మలినము వేరొకటి కలదు. ఇ. కోలై గోడనుండి వచ్చు జ్వరకారక విషము ఈ మాంసకృత్తులతో కూడ వచ్చును. శుభ్రమైన నీటితో కలిపి ఎక్కించిన మందులకును రోగులకు జ్వరమేల వచ్చుచున్నదో 1920 దశకమున పరిశోధించి, నీటిలోని సూక్ష్మజీవుల మలినమే కారణమని చూపినది ఎవరో కాదు, ఆ సీబర్టే. అందుచేత పూసలతో తీసినది ప్రయోగశాల పరీక్షలకు చాలును గాని, మనిషి చర్మమున ఎక్కించుటకు అది ఇంకను పెక్కు కడుగుళ్ళు, పెక్కు నిర్ధారణలు దాటవలెను. ఔషధశాలలు పెద్ద గొట్టములనే వాడుచుండును; పూస పనివాని బల్లమీది చిన్న పనిముట్టు. ఏ మాంసకృత్తు పనికివచ్చునో, ఏది రాదో పది రకములు త్వరగా చేసి చూచుకొనుటకు అది సాటిలేనిది.

ఈ దీర్ఘ ప్రయాణపు ఫలితము మన దేశమునకు 2022లో అందెను. కోపెన్‌హాగెన్ సంస్థ రూపొందించిన ఈసాట్-6, సి.ఎఫ్.పి.-10 పరీక్షను పూనా నగరపు సీరం ఇన్‌స్టిట్యూట్ వారు సై-టీబీ అను పేర తేగా, ప్రభుత్వము అనుమతి నొసగెను. అందలి మాంసకృత్తులను ఇ. కోలైలో కాక, పాలను తోడుపెట్టు లాక్టోకాకస్ అను సాధుజీవిలో పండింతురు. ఆ సంవత్సరమే ప్రపంచ ఆరోగ్య సంస్థయు ఇట్టి పరీక్షలను ఆమోదించెను. చేయు తీరు మాంటూ పరీక్షయే. అదే ముంజేయి, అదే సూది, అదే పొంగు. ఎక్కించునది మాత్రము మిశ్రమము కాదు, ఎన్నిక చేసిన రెండు మాంసకృత్తులు. బి.సి.జి. వేసికొన్న బిడ్డయైనను వైద్యుడు పొంగును చూచి ఇక ధైర్యముగా మాటాడవచ్చును. అయినను దాని హద్దు దానికున్నది. సూక్ష్మజీవి లోపల నిద్రించుచున్నదో, మేల్కొని రోగమైనదో ఈ పొంగు చెప్పదు. దానికి కఫపరీక్షయు ఎక్స్‌రేయు ఉండవలసినదే.

మనుష్యులకే కాదు, గోవులకును ఇది పనికివచ్చు విద్య. పశువులకును క్షయ సోకును; వానికిని మెడమీద ట్యూబర్కులిన్ పరీక్ష చేయుదురు. పెక్కు పాశ్చాత్య దేశములలో పొంగిన పశువును వధించి రోగమును అరికట్టిరి. మన దేశమున గోవు విషయమున అది చెల్లదు. పలమనేరు పశుపరిశోధనా కేంద్రములో ఒక్కొక్కదానిని ప్రాణప్రదముగా కాపాడుచున్న పుంగనూరు జాతి వంటివాని విషయమున ఊహింపనే రాదు. టీకా వేయుదమన్నచో, టీకా వేసిన పశువు రోగములేకున్నను పరీక్షలో పొంగును. రోగిష్టి ఏదో, టీకాదారు ఏదో తెలియదు. అందుచేత ఇంతకాలము పశువుల టీకా మూలబడినది. టీకాజీవిలో లోపించిన మాంసకృత్తుల భాగములతోనే చేయు క్రొత్త చర్మపరీక్షను గూర్చి 2019లో భారతీయ పండితులు పాల్గొన్న పరిశోధన వెలువడెను. ఆవునుండి వచ్చిన టీకా, ఈ పరీక్ష చేయూతతో, మరల ఆవుకడకు చేరు దారి ఏర్పడుచున్నది.

1950లో మదనపల్లె పల్లెలలో చేయి చాచినవారికి ఈసాట్-6 అను పేరు తెలియదు. వారిని పరీక్షించిన వైద్యులకును తెలియదు. కాని వారి చేతులమీది పొంగులను ఒక్కటొక్కటిగా కొలిచి, కలిసిరాని అంకెలను దాచక అచ్చువేసినందుననే ఆ పొంగులో మూడు కారణములు కలిసియున్నవని లోకము గ్రహించినది. కలిసినవానిని విడదీయవలెనను పట్టుదల అచట మొలకెత్తి, కోపెన్‌హాగెన్, ఉప్సాలా, బాజెలు, ట్రాండ్‌హైములు తిరిగి, సూదంటురాయి ప్రక్కన చేరిన గోధుమవన్నె చారయై నిలిచినది. నేడు కుప్పములో ఒక విద్యార్థి ఆ చారను చూచుచు తేటను పీల్చివేయునపుడు, ఆ పనికి మొదటి అవసరము తన ఊరికి ఉత్తరమున, ఒక దినపు ప్రయాణమునకు లోపుననే, ఎవరి ముంజేతిమీదనో పుట్టినదని తెలిసియుండుట మేలు.